రథసప్తమి: ఏ రోజు, ఏ వేళ, ఏ విధంగా

మాఘమాసం:
అందరికీ నమస్కారం. రథసప్తమి విధానం గురించి తెలిసినవాళ్లు చెప్పే మాటలు ఒకచోట ఉంటే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ముందు నా సందేహాలు. సప్తమి రెండు రోజులకూ వ్యాపిస్తే స్నానం ఏ రోజు చేయాలి? జిల్లేడు ఆకులు ఏడూ తలమీదేనా, ఒంటిమీద ఏడుచోట్లా? అర్ఘ్యం ఎలా ఇవ్వాలి, పాత్ర ఏది? పిడకల మీద పరమాన్నం వండితే పాలు విరక్కుండా ఏం చేయాలి? పద్ధతితో పాటు కారణం కూడా చెబితే మరీ మంచిది.

ఘడియ_విఘడియ:
రోజు సంగతి ముందు తేల్చుకుందాం. ఇక్కడ తప్పితే మిగతా అంతా తప్పుతుంది.

చాలా పండుగలకు సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూస్తాం. రథసప్తమి స్నానానికి మాత్రం అరుణోదయానికి సప్తమి ఉండాలి. అరుణోదయం అంటే సూర్యోదయానికి ముందు నాలుగు ఘడియలు. ఘడియకు 24 నిమిషాలు కాబట్టి మొత్తం 96 నిమిషాలు. సూర్యోదయం 6:45కి అయితే అరుణోదయం 5:09కి మొదలవుతుంది. ఆ వేళకు సప్తమి ఉన్న రోజే రథసప్తమి. రెండు రోజులూ అరుణోదయానికి సప్తమి ఉంటే మొదటి రోజే తీసుకోవాలి. చిక్కంతా తిథి క్షయమైనప్పుడు వస్తుంది. మొదటి రోజు తెల్లవారాక కాసేపు షష్ఠి ఉండి, తర్వాత సప్తమి వచ్చి, మర్నాటి అరుణోదయానికి ముందే అయిపోతుంది. అప్పుడు షష్ఠితో కూడిన ఆ మొదటి రోజే చేయమని ధర్మసింధువు అనే ధర్మశాస్త్ర గ్రంథం చెబుతుంది.

ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. పంచాంగంలో తిథి ముగిసే సమయం దేశమంతటికీ ఒకటే, ఎందుకంటే అది చంద్రసూర్యుల మధ్య కోణాన్ని బట్టి లెక్కకట్టింది, గడియారం కూడా ఒకటే. సూర్యోదయం మాత్రం ఊరూరికీ మారుతుంది. హైదరాబాదుకు లెక్కకట్టిన సూర్యోదయాన్ని శ్రీకాకుళంలో వాడితే సుమారు 20 నిమిషాలు వెనకబడతారు. అందుకని తిథి పంచాంగంలోంచి, సూర్యోదయం మీ ఊరి లెక్కలోంచి తీసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్లు రెండింటినీ అక్కడి సమయంలోకి మార్చుకోవాలి. ఒక్కోసారి అక్కడ పండుగ ఒక రోజు ముందే రావచ్చు, అందులో దోషం లేదు.

సంకల్పంలో ఉత్తరాయణే, శిశిర ఋతౌ, మాఘమాసే, శుక్లపక్షే, సప్తమ్యాం అని చెప్పాలి. చలి ఇంకా ఉంది కదా అని అలవాటుగా "హేమంత ఋతౌ" అనేస్తుంటారు. హేమంతం పుష్యంతోనే అయిపోయింది.

అర్కపత్రం:
ఆకుల సంగతి. రెండు పద్ధతులూ ఉన్నాయి. ధర్మశాస్త్ర నిబంధాల్లో ఉన్నది ఏడు జిల్లేడు ఆకులు, ఏడు రేగు ఆకులు తలమీద పెట్టుకుని స్నానం చేయడం. మన ఇళ్లలో స్థిరపడింది ఇంకొకటి: తలమీద ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ల మీద రెండు, పాదాల మీద రెండు, ఒక్కో ఆకులో ఒక రేగుపండు. ఏది చేసినా సంఖ్య ఏడే. మీ ఇంట్లో ఏది వస్తుంటే అది కొనసాగించండి.

ఆకులు ముందురోజు సాయంత్రమే కోసి పెట్టుకోవాలి. అప్పటికప్పుడు తుంచితే తొడిమ నుంచి పాలు ధారగా కారతాయి. కోశాక తొడిమలు కిందికి ఉండేలా అరగంట వదిలేసి, తర్వాత రెండుసార్లు కడిగి, తొడిమ చివర తడిబట్టతో తుడవండి. అరచేయంత ఆకులు చాలు. మరీ పెద్దవి భుజం మీద నిలవవు. ఆకు ఈనె ఉన్న వైపు కిందికి పెడితే ఒంటికి పట్టుకుంటుంది.

స్నానం చేసేటప్పుడు ఆకులతో ఒళ్లు రుద్దకూడదు. ఆకులు పెట్టుకుని కూర్చుని, శ్లోకం చెప్పి, చెంబుతో తలమీంచి నీళ్లు పోసుకుంటే అవే జారిపోతాయి. షవరు కింద నిలబడితే శ్లోకం మొదలుకాకముందే ఆకులు కింద ఉంటాయి. ఆ ఒక్కరోజూ చెంబు వాడటమే మేలు.

శ్లోకాలు:
యద్యజ్జన్మకృతం పాపం మయా జన్మసు జన్మసు
తన్మే రోగం చ శోకం చ మాకరీ హంతు సప్తమీ

ఏతజ్జన్మకృతం పాపం యచ్చ జన్మాంతరార్జితం
మనోవాక్కాయజం యచ్చ జ్ఞాతాజ్ఞాతే చ యే పునః
ఇతి సప్తవిధం పాపం స్నానాన్మే సప్తసప్తికే
సప్తవ్యాధిసమాయుక్తం హర మాకరి సప్తమి

ఏడు పాపాలేవో ఈ శ్లోకంలోనే లెక్క ఉంది. ఈ జన్మది, వెనకటి జన్మలది, మనసుతో చేసింది, మాటతో చేసింది, శరీరంతో చేసింది, తెలిసి చేసింది, తెలియక చేసింది. ఆకులు పెట్టుకుంటూ ఈ ఏడూ తలచుకుంటే శ్లోకం పెదవుల దగ్గరే ఆగిపోదు.

నేత్రం:
జిల్లేడు పాల గురించి అర్కపత్రం గారు రాసిన దానికి ఇంకొంచెం. ఆ పాలు కంట్లో పడితే మొదట పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. కొన్ని గంటలయ్యాక చూపు మసకబారుతుంది, నల్లగుడ్డు మీది పారదర్శక పొర ఉబ్బుతుంది. నొప్పి లేదని నిర్లక్ష్యం చేయడమే అసలు ప్రమాదం. వెంటనే శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి, ఆ రోజే కంటి వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఆకులు కోసిన చేతులు సబ్బుతో కడిగేదాకా కళ్ల దగ్గరికి పోనీయకండి. చిన్నపిల్లలకు తలమీద ఆకు పెట్టేటప్పుడు తొడిమ పూర్తిగా కత్తిరించి, తొడిమ వైపు వెనక్కి ఉంచి, కళ్లు మూయించి నీళ్లు పోయాలి. నెలల పిల్లలకు ఆకు వద్దు, రేగుపండు నీళ్లలో వేసి పోస్తే చాలు.

ఇంకో మాట. అర్ఘ్యం ఇస్తూ నీటిధారలోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్లకు మంచిదని ప్రచారం ఉంది. నీటిధార కాంతిని ఆపదు. బింబం వైపు ముఖం పెట్టి నిలబడండి, చూపు మాత్రం ధార మీద ఉంచండి.

వంటిల్లు:
పరమాన్నం కొలతలు: కొత్తబియ్యం ఒక గ్లాసు, ఆవుపాలు ఐదు గ్లాసులు, తురిమిన బెల్లం గ్లాసుంపావు, నెయ్యి రెండు చెంచాలు, ఏలకులు నాలుగు. ఉప్పు అసలు వద్దు.

పిడకలు పొయ్యిలాగా గుండ్రంగా పేర్చి మధ్యలో గాలికి చోటు వదలండి. మధ్యన కర్పూరం వెలిగించాలి. పిడకలు లోపల తడిగా ఉంటే మంట రాదు, పొగ మొత్తం పాలకు పడుతుంది. విరిచి చూడండి. ఫట్టుమని విరిగితే ఎండినట్టు. ఇత్తడి గిన్నె అయితే లోపల కళాయి ఉండి తీరాలి. కళాయి పోయిన ఇత్తడిలో పాలూ బెల్లమూ వండకూడదు.

పాలు పొంగి గిన్నె అంచు దాటనివ్వాలి, తూర్పువైపు పొంగితే శుభమంటారు. అప్పుడు కడిగిన బియ్యం వేసి చెరకుముక్కతో కలుపుతూ ఉడికించాలి. మెతుకు వేళ్ల మధ్య నలిపితే పలుకు లేకుండా మెదిగేదాకా బెల్లం వేయకండి. తొందరపడి వేస్తే రెండు నష్టాలు. బెల్లంలో ఉండే కొద్దిపాటి పులుపుకు మరుగుతున్న పాలు విరుగుతాయి, పైగా బెల్లం పడ్డాక బియ్యం ఇక ఉడకదు. గిన్నె దించి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు బెల్లం కలపండి. పాకం కాచి వడకట్టి పోస్తే ఇసుక కూడా రాదు. పిడకల సెగను తగ్గించడం మన చేతిలో ఉండదు, అందుకే దించి కలపమనేది.

నైవేద్యం ఏడు చిక్కుడు ఆకుల్లో, తులసికోట దగ్గర ఎండ పడేచోట పెట్టాలి.

మాఘమాసం:
వంటిల్లు గారూ, చిక్కుడుకాయల రథం నిలబడకుండా ఒరిగిపోతుంటుంది. ఎందుకంటారు?

వంటిల్లు:
లేతకాయలు తీసుకుంటే పుల్ల గుచ్చగానే చీలుతాయి. గింజ కట్టిన వెడల్పు కాయలు కావాలి, పుల్ల గింజకూ గింజకూ మధ్య సందులో దిగాలి. రెండు కాయలు సమాంతరంగా పెట్టి అడ్డంగా మూడు చీపురుపుల్లలు గుచ్చితే పీఠం. నాలుగు మూలలా నాలుగు పుల్లలు నిలువుగా, వాటి పైన ఇంకో రెండు కాయలు. ముందు ఒక కాయ నొగ. నిలువు పుల్లలు పీఠం కాయలోంచి అటువైపుకు కాస్త పొడుచుకు వస్తే ఒరగదు, పైపైన గుచ్చితే ఒరుగుతుంది. రథంలో తమలపాకు వేసి, దాని మీద రక్తచందనంతో సూర్యబింబం గీస్తే చాలు.

దినకరభక్త:
అర్ఘ్యానికి రాగిచెంబులో నీళ్లు, పాలు, కొంచెం తేనె కలిపి మూడుసార్లు వదలాలి. అంతే కదా?

తృచకల్పం:
రాగిలో పాలు పోయకూడదండీ. రాగిపాత్రలో పాలు, పెరుగు పెట్టడాన్ని పెద్దలు గట్టిగానే నిషేధించారు. పులుపు తగిలితే రాగి కరిగి పచ్చని చిలుము వస్తుందన్నది కళ్లకు కనిపించే సంగతి. రాగిచెంబులో శుద్ధజలం, రక్తచందనం, ఎర్రని అక్షతలు, ఎర్రమందారం లేదా ఎర్రగన్నేరు. ఇవి చాలు. మారేడు దళం వద్దు. గణపతికి తులసి, దుర్గకు గరిక, విష్ణువుకు అక్షతలు, సూర్యుడికి మారేడు కూడదని పూజావిధుల్లో కలిపి చెబుతారు.

ఇక్కడ రెండు అర్ఘ్యాలు కలిసిపోతున్నాయి. ఒకటి సంధ్యావందనంలో గాయత్రితో ఇచ్చేది, ప్రాతఃకాలంలో మూడుసార్లు. మందేహులనే రాక్షసులు ఉదయించే సూర్యుణ్ణి అడ్డగిస్తారని, ఈ నీళ్లు వజ్రాలై వాళ్లను తరుముతాయని తైత్తిరీయ ఆరణ్యకం చెబుతుంది. దానికి వేళ ముఖ్యం. నక్షత్రాలు ఉండగా ఉత్తమం, నక్షత్రాలు మాసిపోయాక మధ్యమం, సూర్యుడు వచ్చాక అధమం. వేళ తప్పితే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఒకటి అదనంగా ఇవ్వాలి.

రెండోది రథసప్తమి అర్ఘ్యం. ఉపదేశంతో పనిలేదు, ఇంటిల్లిపాదీ ఇవ్వవచ్చు. స్నానమయ్యాక, బింబం కనబడ్డాక:

సప్తసప్తివహప్రీత సప్తలోకప్రదీపన
సప్తమీసహితో దేవ గృహాణార్ఘ్యం దివాకర

దోసిలి పట్టినప్పుడు బొటనవేలు చూపుడువేలికి తగలకూడదు. అలా కలిస్తే దాన్ని రాక్షసీ ముద్ర అన్నారు. దోసిలి ఆవుకొమ్ము ఎత్తుకు లేపి వదలాలి. నీళ్లు కాళ్ల మీద చిందకుండా ముందు పళ్లెం పెట్టుకుని, ఆ నీళ్లు తర్వాత చెట్టు మొదట్లో పోయండి.

ఘడియ_విఘడియ:
బాల్కనీలో అర్ఘ్యమిచ్చేవాళ్లకు ఒక సూచన. రథసప్తమి జనవరి ఆఖరులో వస్తే మన ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు. సుమారు 20 డిగ్రీలు దక్షిణంగా, ఆగ్నేయం వైపు జరిగి ఉంటాడు. దిక్సూచి తూర్పు చూపించిన చోట బింబం కోసం ఎదురుచూస్తే గోడ అడ్డమై కనబడకపోవచ్చు. ముందురోజు ఉదయమే చోటు చూసి పెట్టుకోండి, ముగ్గూ అక్కడే వేయండి.

మాఘమాసం:
శ్లోకంలో మాకరీ సప్తమి, అంటే సూర్యుడు మకరరాశిలో ఉండగా వచ్చే సప్తమి, అని ఉంది కదా. మరి 2024లో రథసప్తమి ఫిబ్రవరి 16న వచ్చింది. అప్పటికి సూర్యుడు కుంభంలోకి వెళ్లిపోయాడు. శ్లోకం చెల్లుతుందా?

ఘడియ_విఘడియ:
చెల్లుతుంది. సూర్యుడు మకరంలో ఉండగా వచ్చే అమావాస్యతో మొదలయ్యేది మాఘ శుద్ధం. ఆ అమావాస్య మకరం మొదట్లో పడితే సప్తమి కూడా మకరంలోనే వస్తుంది, మకరం చివర్లో పడితే కుంభంలోకి జారుతుంది. 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న మకరంలోనే వచ్చింది. వ్రతం చాంద్రమాన తిథికి చెందినది, సంక్రమణానికి కాదు. కాబట్టి ఏ ఏడాదైనా శ్లోకం అదే. 2026లో ఆదివారం కూడా కలిసింది. శుద్ధ సప్తమి ఆదివారం పడితే దాన్ని విజయ సప్తమి అంటారు. ఆ రోజు చేసే స్నానదానాలకు విశేషం చెప్పారు.

ముగ్గుకర్ర:
రథం ముగ్గులో రెండు చక్రాలు వేస్తారు, కొందరు నాలుగు. సూర్యుడిది ఒంటిచక్రం రథం కదా?

తృచకల్పం:
ఒంటిచక్రమే. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలో "సప్త యుంజంతి రథమేకచక్రం" అని ఉంది. అదే మంత్రం ఆ చక్రానికి మూడు నాభులు (ఇరుసు దూరే నడిమి భాగాలు) అంటుంది. విష్ణుపురాణం దాన్ని విప్పి చెప్పింది. మూడు నాభులు, ఐదు ఆకులు (చక్రంలోని ఊచలు), ఆరు నేములు (చక్రం బయటి చుట్టులోని భాగాలు). ఐదు ఆకులు సంవత్సరం, పరివత్సరం మొదలైన ఐదేళ్ల యుగం. ఆరు నేములు ఋతువులు. చక్రమంటే కాలచక్రమే.

ఏడు గుర్రాలు ఏడు ఛందస్సులు: గాయత్రి, ఉష్ణిక్కు, అనుష్టుప్పు, బృహతి, పంక్తి, త్రిష్టుప్పు, జగతి. అక్షరాల లెక్కలో ఇవి 24, 28, 32, 36, 40, 44, 48. ఒక్కోదానికీ నాలుగేసి పెరుగుతాయి. వేదం ఛందస్సుల మీద నడిచినట్టే సూర్యుడు వాటి మీద నడుస్తాడన్న భావన నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది.

ముగ్గులో మాత్రం ఎన్ని చక్రాలు వేసినా దోషం లేదు. కోణార్కలో 24 చక్రాలు, పన్నెండు జతలు. 13వ శతాబ్దంలో మొదటి నరసింహదేవుడు కట్టించిన ఆ గుడి గుడిగానే ఒక రథం. శిల్పి చూసుకున్నది మాసాల లెక్క.

కళింగం:
కళింగం పేరు పెట్టుకున్నాక అరసవల్లి గురించి రాయకుండా ఎలా? నవగ్రహ మండపంలో సూర్యుణ్ణి ఆవాహన చేసేటప్పుడు కాశ్యపస గోత్రం, కళింగ దేశాధిపతి అంటాం. ఆ కళింగంలోనే, శ్రీకాకుళం పక్కన అరసవల్లి ఉంది. గంగవంశపు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. మూలవిరాట్టు రెండు చేతుల్లో తామరమొగ్గలు, ఉష, ఛాయ, పద్మ దేవేరులు, కింద ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టిన అనూరుడు. రథసప్తమికి అక్కడ తెల్లవారుజామునే క్షీరాభిషేకం మొదలవుతుంది. భక్తులు ఇంద్రపుష్కరిణిలో స్నానం చేసి, అక్కడే పిడకల మీద పరమాన్నం వండుతారు.

ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు లేకపోతేనే. ఉండేది కొద్ది నిమిషాలే.

మాఘమాసం:
ఆ తేదీలే ఎందుకు? విషువత్తు నాడు, అంటే మార్చి 21న కదా సూర్యుడు నేరుగా తూర్పున ఉదయించేది?

ఘడియ_విఘడియ:
ఆ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. మార్చి 10న సూర్యక్రాంతి, అంటే ఆకాశపు మధ్యరేఖ నుంచి సూర్యుడు జరిగిన కోణం, సుమారు 4 డిగ్రీలు దక్షిణం. అక్టోబరు 2న కూడా దాదాపు అంతే. శ్రీకాకుళం అక్షాంశం నుంచి చూస్తే ఆ రెండు వేళలా సూర్యుడు తూర్పుకు 4 డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు. గర్భగుడి నుంచి ద్వారాల వరస గీసిన గీత ఆ దిక్కుకు తెరుచుకుని ఉందన్నమాట.

డిసెంబరు 21న దక్షిణపు కొసకు చేరిన సూర్యుడు అక్కడి నుంచి మార్చి 10కి రావడానికి 79 రోజులు. అక్టోబరు 2 నుంచి ఆ కొసకు చేరడానికి 80 రోజులు. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి అదే బిందువు మీదుగా పోతాడు, అందుకే ఏటా రెండుసార్లు. మరి మూడు రోజులే ఎందుకంటే, ఆ సమయంలో ఉదయబిందువు రోజుకు సుమారు 0.4 డిగ్రీ జరుగుతుంది. బింబం వెడల్పు అర డిగ్రీ. సన్నని ద్వారబంధాల వరసలోంచి మూడు రోజులకు మించి దూరడం కష్టం.

కళింగం:
ఇంత విడమరిచి చెప్పినందుకు ధన్యవాదాలు. పాదాల మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. ఉత్తరాది సూర్యవిగ్రహాలకు మోకాళ్ల దాకా పాదరక్షలు ఉంటాయి, పాదాలు చెక్కకూడదని మత్స్యపురాణం. సంజ్ఞాదేవి తేజస్సు తాళలేకపోతే ఆమె తండ్రి విశ్వకర్మ సూర్యుణ్ణి సానపట్టాడు, పాదాల దగ్గర మాత్రం తగ్గించలేదని కథ. అలా తీసిన తేజస్సుతోనే విష్ణుచక్రం, శివుడి త్రిశూలం చేశాడంటారు. దక్షిణాదిలో మాత్రం పాదాలు చెక్కుతారు.

మాఘమాసం:
చివరిగా ఒకటి. ఆ రోజు సూర్యనమస్కారాలు చేయాలనుకునేవాళ్లు ఏ క్రమం పాటించాలి?

తృచకల్పం:
మూడు స్థాయులు ఉన్నాయి. వేదం వచ్చినవాళ్లతో చేయించేది అరుణపారాయణ. తైత్తిరీయ ఆరణ్యకంలో మొదటి ప్రశ్న (అధ్యాయం), 32 అనువాకాలు. ఒక్కో పనసకు, అంటే అనువాకంలోని ఒక్కో చిన్న భాగానికి, ఒక్కో నమస్కారం చొప్పున చేస్తారు. పొద్దున్న మొదలుపెడితే గంటల పని.

రెండోది తృచకల్పం. ఋగ్వేదం మొదటి మండలం 50వ సూక్తంలో చివరి మూడు ఋక్కులు, "ఉద్యన్నద్య మిత్రమహ" అని మొదలయ్యేవి. గుండెజబ్బు, ఒంటి పసుపుదనం పోగొట్టమని అడిగే మంత్రాలవి. మూడు ఋక్కులకు పన్నెండు పాదాలు. పాదానికొక నామం చొప్పున పన్నెండు నమస్కారాలు, తర్వాత అర్ధఋక్కుకు రెండు నామాలుగా ఆరు, తర్వాత పూర్తి ఋక్కుకు నాలుగు నామాలుగా మూడు, ఆఖరున తృచ మొత్తం. స్వరం తప్పకుండా గురువు దగ్గర నేర్చుకోవాలి.

మూడోది ఒట్టి పన్నెండు నామాలు. ఎవరైనా చేయవచ్చు: ఓం మిత్రాయ నమః, రవయే, సూర్యాయ, భానవే, ఖగాయ, పూష్ణే, హిరణ్యగర్భాయ, మరీచయే, ఆదిత్యాయ, సవిత్రే, అర్కాయ, భాస్కరాయ. "పూషాయ", "సవితాయ" అని అచ్చువేసిన కాగితాలు తిరుగుతున్నాయి, వాటిని పట్టుకోవద్దు. ఈ పన్నెండు వేరు, ద్వాదశాదిత్యులు వేరు. భాగవతం ప్రకారం చైత్రానికి ధాత, వైశాఖానికి అర్యముడు, అలా వస్తూ మాఘానికి పూషుడు.

అసలేదీ కుదరకపోతే ఆదిత్యహృదయం. అగస్త్యుడు రాముడికి చెప్పింది మూడుసార్లు జపించమనే. పారాయణ ఒక్కసారితో ఆపేవాళ్లు ఎక్కువ. మెల్లగా చదివినా మూడింటికీ అరగంట పట్టదు.

అర్కపత్రం:
స్నానమయ్యాక ఆకుల సంగతి ఎవరూ అడగలేదు. నీళ్లగొట్టంలో అడ్డుపడకుండా ముందే ఏరి మొక్కల మొదట్లో వేయండి. పశువులు తినే చోట పారేయకండి, జిల్లేడు వాటికి విషం.